14 నుంచి 22కి... కంగారు పడాలా?

ప్రశ్న: అమ్మకు అండాశయ క్యాన్సర్. ఆపరేషన్, ఆరు కీమోలు అయ్యాయి. మొదట్లో 640 ఉన్న సీఏ-125 తర్వాత 14కి దిగింది. ఈసారి 22 వచ్చింది. రిపోర్టు చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మళ్లీ వచ్చేసినట్టేనా?

జవాబు: లేదమ్మా, ఈ ఒక్క అంకెతో అలా చెప్పలేం. సీఏ-125 రక్తంలో కనిపించే ఒక ప్రొటీన్. మామూలుగా 35 లోపు ఉండాలి. కడుపులో ఇన్‌ఫెక్షన్, లివర్ జబ్బు, నీరు చేరడం లాంటివాటికీ పెరుగుతుంది. ల్యాబ్ మారినా అంకె కొంత మారుతుంది. అందుకే ఎప్పుడూ ఒకే చోట చేయించండి. 35 లోపే ఉన్నా వరసగా పెరుగుతూ పోతే మాత్రం పట్టించుకుంటాం. సాధారణ స్థాయికి దిగినవాళ్లలో 70కి చేరి, కనీసం వారం ఆగి చేసిన రెండో టెస్టులోనూ అంతే ఉంటే తిరగబెట్టిందని లెక్క.

ఇంకో మాట. లక్షణాలేవీ లేకుండా, అంకె పెరిగిందని ముందే కీమో మొదలుపెడితే ఆయుష్షు పెరగలేదని 2010లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మా పేషెంట్లలో కొందరు రిపోర్టు కవరు విప్పడానికే భయపడతారు, నాకు అదే బాధ. పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండడం లాంటివి కనిపిస్తే మాత్రం తర్వాతి టెస్టు దాకా ఆగకండి.

అమ్మగారి ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్క ల్యాబ్‌లో భద్రంగా ఉందేమో కనుక్కోండి. ఒకవేళ జబ్బు తిరగబెట్టి ప్లాటినం ఉండే కీమో మందులకు లొంగకపోతే, ఆ ముక్కలో ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. బాగా ఉంటే దాన్నే గురిపెట్టే మిర్వెటుక్సిమాబ్ అనే మందు ఉంది.