బెల్లం కేక్ అయితే షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హనుమకొండ. మా ఆయనకు 44 ఏళ్లు. మూడేళ్లుగా షుగర్ ఉంది, పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. మొన్నటి టెస్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.4 వచ్చింది. అత్తమ్మకు బీపీ. బాబుకు ఏడేళ్లు, పాపకు తొమ్మిది నెలలు. క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లోనే కేకు, బిస్కెట్లు చేద్దామని బాబు ఒకటే గోల. మాకు ఓవెన్ లేదు. మైదా, చక్కెర మానేసి గోధుమపిండి, బెల్లంతో చేస్తే అందరూ తినొచ్చా? పాపకు తేనె వేసి చేసి పెట్టొచ్చా?

జవాబు: చేయండమ్మా, తప్పకుండా చేయండి. సెలవుల్లో పిల్లాడితో కూర్చుని పిండి కలపడం మంచి పని. పైగా ఇంట్లో చేస్తే అందులో ఏం పడిందో, ఎంత పడిందో మీకు తెలుస్తుంది. కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను: ‘బెల్లంతో చేస్తే’.

మన దగ్గర బెల్లం అంటే గౌరవం. మేడారంలో తల్లులకు సమర్పించే బెల్లాన్ని బంగారం అనే పిలుస్తాం. ఆ గౌరవం అట్లే ఉండనివ్వండి. రక్తంలోకి వెళ్లాక మాత్రం అది చక్కెర చేసే పనే చేస్తుంది. 100 గ్రాముల బెల్లంలో 80 గ్రాములకు అటూ ఇటూగా చక్కెరే ఉంటుంది. గోధుమపిండిలో మైదా కంటే పీచు ఎక్కువ కాబట్టి మేలే, కానీ అదీ షుగర్ పెంచుతుంది.

పోయిన సంక్రాంతి తర్వాత మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. తిన్నాక చూసిన షుగర్ 290 దాటింది. పండక్కి ఏం తిన్నారని అడిగితే, ‘చక్కెరవి ముట్టలేదు మేడం, అన్నీ బెల్లంవే’ అన్నారు. పొద్దున రెండు అరిసెలు, సాయంత్రం రెండు, అట్లా పది రోజులు. చక్కెరవైతే ఒక్కటి తిని ఊరుకునేవాడినని ఆయనే చెప్పారు. బెల్లంతో వచ్చే చిక్కు ఇదే. మంచిదనుకుని రెండోది తీసుకుంటాం.

అందుకే కేకు దేనితో చేశారన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని ముక్కలు కోశారన్నదీ అంతే ముఖ్యం. నేను మా ఇంట్లో చేసే లెక్క చెప్తాను. ఒక కప్పు గోధుమపిండి, అర కప్పు తైద (రాగి) పిండి, 100 గ్రాముల బెల్లం, ఒక కప్పు కమ్మటి పెరుగు, రెండు గుడ్లు, పావు కప్పు నూనె, ఒక చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా వంటసోడా, ఏలకుల పొడి. బెల్లాన్ని పావు కప్పు గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడకట్టండి, ఇసుక రేణువులు అడుగున మిగిలిపోతాయి. అది పూర్తిగా చల్లారాకే గుడ్లు కొట్టి కలపాలి. వేడిగా ఉంటే గుడ్డు ముద్ద కడుతుంది. పిండి వేశాక ఎక్కువసేపు తిప్పొద్దు, తిప్పేకొద్దీ కేకు గట్టిపడుతుంది. కొన్ని పల్లీలు వేయించి, పొట్టు తీసి, పలుకులుగా చేసి పైన చల్లుకోండి. టూటీఫ్రూటీ వద్దు. అవి పచ్చి బొప్పాయి ముక్కల్ని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేసినవి.

ఓవెన్ లేకపోతే టెన్షన్ పడకండి. మందపాటి పాత గంజులో అడుగున రాళ్ల ఉప్పు పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు కాగనివ్వండి. నూనె రాసిన కేకు గిన్నెను స్టాండు మీద పెట్టి, మూత వేసి సన్న మంట మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకుండా రావాలి. కుక్కర్‌లో చేసేవాళ్లు రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. మూత తీసేటప్పుడు బాబు పక్కన ఉండకూడదు. సెలవుల్లో కాలిన చేతులతో వచ్చే పిల్లల్ని చూసి చెప్తున్నానమ్మా.

ఈ కేకును 16 ముక్కలు చేయండి. ముక్కకు ఆరేడు గ్రాముల బెల్లం వస్తుంది. పిండి, బెల్లం అన్నీ కలిపి ఒక్కో ముక్కలో ఉండే పిండిపదార్థం దాదాపు ఒక పుల్కాకు సమానం. అదే ఒక కప్పు మైదాకు ఒక కప్పు చక్కెర పోసి, ఎనిమిది ముక్కలు కోస్తే, ముక్కకు 25 గ్రాముల చక్కెర పడుతుంది. పెద్దవాళ్లు రోజంతా కలిపి విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక్క ముక్కతో ఆ కోటా అయిపోయినట్టే.

మీ వారు ఒక ముక్క తినొచ్చు. మధ్యాహ్నం భోజనం చివర తిని, ఆ పూట ఒక పుల్కా గానీ, దానికి సరిపడా అన్నం గానీ తగ్గించుకోవాలి. సాయంత్రం ఖాళీ కడుపున చక్కెర టీతో పాటు తినొద్దు. తిన్నాక పావు గంట నడవమనండి. మొదటి ముద్ద తిన్నప్పటి నుంచి రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూస్తే 180 లోపు ఉండాలి. కేకు తిన్నామని మాత్ర ఎక్కువ వేసుకోవడం, దాని కోసం ముందు పూట పస్తుండటం రెండూ వద్దు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు పస్తుంటే షుగర్ పడిపోయి ప్రమాదం. షుగర్‌ఫ్రీ మాత్రలు పొడి చేసి కేకులో వేస్తున్నవాళ్లూ ఉన్నారు. అస్పర్టేమ్ ఉన్నవైతే వేడికి తీపి పోతుంది.

ఇక అత్తమ్మ గారి సంగతి. ఉప్పులో ఉండి బీపీ పెంచే సోడియం వంటసోడాలోనూ బాగా ఉంటుంది, ఒక చెంచాలో 1200 మిల్లీగ్రాములు దాటుతుంది. పావు చెంచాను 16 ముక్కలకు పంచితే భయం లేదు. ఫోన్ వీడియోలు చూసి గుప్పెడు సోడానో, ఫ్రూట్ సాల్టు ప్యాకెట్లో వేయకండి. ఆమె అసలు చూసుకోవాల్సింది పండగ సకినాలు, పచ్చళ్లు. కిడ్నీ సమస్య కూడా ఉంటే ముందు ఆమె డాక్టర్‌ను అడగండి.

బిస్కెట్లకు ఒక కప్పు గోధుమపిండి, అర కప్పు పల్లీ పొడి, పావు కప్పు వేయించిన నువ్వులు, పావు కప్పు నెయ్యి, 60 గ్రాముల బెల్లం పొడి చాలు. పాలు చిలకరించి ముద్ద చేసి, 20 బిళ్లలుగా వత్తి, అదే గంజులో రెండు మూడు వాయిలుగా 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. మాడ్చేయొద్దు. తీపి తక్కువే అయినా నెయ్యి, పల్లీలు, నువ్వుల వల్ల ఒక్కో బిస్కెట్టులో 90 క్యాలరీల దాకా ఉంటాయి. రెండింటితో ఆపాలి. నెయ్యికి బదులు డాల్డా వద్దు. 2022 నుంచి మన దేశంలో నూనెలు, వనస్పతుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది, అయినా గుండెకు చేటు చేసే గట్టి కొవ్వు అందులో ఇంకా ఉంటుంది. సకినాలు గోలించిన నూనె మిగిలిందని కేకులో పోసే అలవాటు కూడా మానేయండి.

పాప విషయంలో మాత్రం నా మాట గట్టిగా వినండి. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా నాకించొద్దు. అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి, పాలు తాగలేనంత నీరసం వస్తుంది, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. ఆ బీజాలు కేకు కాల్చే వేడికి చావవు, కాబట్టి కేకులో వేసినా ప్రమాదమే. ఏ రూపంలోనైనా చక్కెర, బెల్లం రెండేళ్లు నిండేదాకా ఇవ్వకపోతేనే మంచిది. పల్లీ పలుకులు గొంతుకు అడ్డం పడతాయి, వాటిని పాపకు దూరంగా పెట్టండి. మీరంతా కేకు తింటుంటే పాపకు తైద జావలో అరటిపండు మెదిపి పెట్టండి.

బాబు గిన్నె అంచున మిగిలిన పచ్చి పిండిని వేలితో నాకుతాడు, పిల్లలందరూ చేసే పనే. పచ్చి గుడ్డు, పచ్చి పిండి రెండింటిలోనూ వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు ఉండొచ్చు. కాల్చాకే పెట్టండి, కలిపిన చేతులు సబ్బుతో కడిగించండి.

కేకు కోసిన వెంటనే ఇంట్లోకి నాలుగు ముక్కలు ఉంచుకుని, మిగతావి ఇరుగుపొరుగుకు పంపండి. మీ వారి షుగర్ తిన్నాక వరుసగా మూడు రోజులు 180 పైనే ఉంటే, ఆ రీడింగులు తేదీ, టైంతో సహా కాగితం మీద రాసుకుని మీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.