ఆవు కడుపులో బ్యాక్టీరియా మీద పరిశోధనా? బీఎడ్ చేయించమంటారా?

ప్రశ్న: మాది పరకాల. అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. పశువుల కడుపులోని బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. బీఎడ్ చేసి టీచర్ కమ్మంటే వినడం లేదు. ఈ చదువు కూడు పెడుతుందా?

జవాబు: పెడుతుంది, కాస్త ఆలస్యంగా. ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదేళ్లయినా పడుతుంది. అయితే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత రూ.42,000 ఫెలోషిప్ ఇస్తారు. అప్పుడు మీ జేబు మీద భారం ఉండదు.

ఇక విషయానికొస్తే, వరిగడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి గేదెకు సొంతంగా లేదు. దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులే గడ్డిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పశువుకు బలం ప్రధానంగా ఆ ఆమ్లాల నుంచే వస్తుంది. ఆ క్రమంలోనే పుట్టే మీథేన్ త్రేన్పులతో బయటికి పోతుంది. దాన్ని తగ్గించడానికి బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమాన్ని తయారుచేసింది.

మీకు సుబాబుల్ తెలుసు కదా. దాని ఆకులోని మైమోసిన్ అనే పదార్థం పశువు కడుపులో విరిగి విషమవుతుంది. ఆస్ట్రేలియాలో ఆ ఆకు మేసిన పశువులు జబ్బుపడ్డాయి, హవాయిలో మేకలు మాత్రం అదే తిని నిక్షేపంగా ఉన్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త హవాయి మేకల కడుపు ద్రవంలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. ఆ బ్యాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిపి సినర్జిస్టెస్ జోన్సీ అని పెట్టారు. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది ఈ తరహా పనే.

పని మాత్రం సుకుమారం కాదు. ఈ జీవుల్లో చాలావాటికి గాలి తగిలితే చావే. పశువు పొట్టలోంచి తీసిన ద్రవాన్ని థర్మాస్ ఫ్లాస్కులో దాదాపు 39 డిగ్రీల వేడిలో ల్యాబ్‌కు తెచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టి, కార్బన్ డయాక్సైడ్ పంపుతూ పెంచాలి. వాసన ఓ పట్టాన బట్టలను వదలదు. అందుకే ముందు ఈ సెలవుల్లో మామునూరు పశువైద్య కళాశాలలో అడిగి కొన్నాళ్లు ఆ పని దగ్గరుండి చూడనివ్వండి. చూశాక కూడా ఇష్టం నిలిస్తే ఇక ఆపకండి.

ఒక్క మెలిక ఉంది. ఎంవీఎస్సీకి (పశువైద్యంలో పీజీ) పశువైద్య పట్టా తప్పనిసరి, కాబట్టి బీఎస్సీతో ఆ తలుపు తెరుచుకోదు. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలోనో ఉస్మానియాలోనో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీలో చేరడం నయం. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఉన్నాయి. సంస్థ పేరు కన్నా గైడు ల్యాబ్‌లో గాలి లేకుండా బ్యాక్టీరియాను పెంచే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. డీఎన్‌ఏ సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించడం ఎమ్మెస్సీలోనే మొదలుపెట్టాలి. ఇలా ల్యాబ్ పని, కంప్యూటర్ పని రెండూ తెలిసినవారిని దాణా, ప్రోబయోటిక్ కంపెనీలూ, బయోగ్యాస్ రంగమూ, మనిషి పేగుల మీద పనిచేసే ల్యాబ్‌లూ తీసుకుంటాయి.

బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాకయినా చేయవచ్చు. నెట్ మాత్రం ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలోనే రాయమనండి, అప్పటికే అర్హత ఉంటుంది.