ఆ "లెండి" దగ్గరే ఆగిపోయాను

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. పిల్లల డిటెక్టివ్ నవల ఒకటి చదువుతోంది. అందులో కొత్తగా వచ్చిన కుటుంబంలోని అబ్బాయినే అందరూ దొంగ అంటారు. వాడు పేరు మార్చుకుని, యాస దాచుకుని తిరుగుతుంటాడు. అది చదివి పాప, "అమ్మా, అమ్మమ్మ ఫోన్ చేస్తే నువ్వు వంటింట్లోకి వెళ్లి వేరేలా మాట్లాడతావెందుకు?" అని అడిగింది. మావారు మా వైపు వాళ్ల మాటను అనుకరించి అందరినీ నవ్విస్తుంటారు, సరదాకే లెండి. ఈ వయసులో ఇలాంటి పుస్తకాలు ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చు. మీ ప్రశ్న అక్కడితో అయిపోయింది.

పసిపిల్లలకు ఇవేం తెలుస్తాయని మీ ఉద్దేశం కాబోలు. 1940ల్లో అమెరికాలో మనస్తత్వవేత్తలు కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లల ముందు రంగులో తప్ప తేడా లేని బొమ్మలు పెట్టారు. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లదాన్నే చూపించారు. ఎవరు తక్కువో ఆ పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

డిటెక్టివ్ నవల చదివేటప్పుడు మనమూ తప్పు మనిషినే అనుమానిస్తాం. అసలు దొంగ దొరికాక, 'ఏం చూసి వాణ్ణి అనుకున్నాను?' అని సిగ్గేస్తుంది. మీ పాప ఇంకాస్త ముందుకెళ్లి మీ వంటింట్లోనే ఆధారాలు ఏరుకుంది. గట్టి పిల్ల.

నేను మాత్రం మీ "సరదాకే లెండి" దగ్గర ఆగిపోయాను. భర్తను నలుగురిలో వెనకేసుకురావడం నాకూ అలవాటే, తప్పనను. కానీ అమ్మతో మాట్లాడాలంటే వంటింట్లో దూరాల్సి వస్తుంటే, దాన్ని సర్దుకుపోవడం అనలేను. ఆయన చెడ్డవారని కాదు. మీరు నవ్వుతున్నారు కాబట్టి, మీకు నొప్పి లేదని ఆయన అనుకుంటున్నారు. పాప లేనప్పుడు కూర్చోబెట్టి చెప్పండి: "మీరు వెక్కిరించేది మా అమ్మ మాటను." దెబ్బలాట వద్దు, నవ్వడం మానండి చాలు.

పాపకు అబద్ధం చెప్పొద్దు. "అవునమ్మా, దాచుకున్నాను, సిగ్గనిపించేది" అనండి. ఆ నవల్లో కుర్రాడు పేరు ఎందుకు మార్చుకున్నాడో తనకు అప్పుడు బాగా అర్థమవుతుంది.

ఈసారి అమ్మగారు ఫోన్ చేస్తే హాల్లోనే కూర్చుని మాట్లాడండి.