లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూయకపోతే నీడను తిట్టకండి

చెట్టు కింద నాటిన లిల్లీ ఆఫ్ ద వ్యాలీ (చిన్న తెల్లటి గంటల్లాంటి పూలు పూసే చలిదేశపు మొక్క) ఆకులతో గుబురుగా ఉంది, పూలే లేవు, నీడ ఎక్కువైందా అని అడిగారు. అస్సలు వెలుతురు లేని చోట పూలు తగ్గే మాట నిజమే. కానీ పొద్దున కాసేపు ఎండ తగిలితే ఈ మొక్కకు చాలు. నాటి ఏడాదో రెండేళ్లో అయిందంటే ఇంకాస్త ఆగండి, వేళ్లు కుదురుకున్నాకే పూస్తుంది.

పాత గుబురైతే అసలు కారణం ఇరుకు. ఆకులు పండిపోయే శరదృతువులో తవ్వి తీయండి. నేలలో అడ్డంగా పాకే కాండం మీద పిలకమొగ్గలు కనిపిస్తాయి. లావుగా, మొన మొద్దుగా ఉన్నవే పూస్తాయి. సన్నగా, సూదిమొనతో ఉన్నవి ఆకులే ఇస్తాయి. ఈ తేడా చూడకుండా చేతికందినవి నాటేసి పూలు రాలేదంటే ఎలా? సంచుల్లో ఎండిపోయిన వేళ్లు అమ్మేవాళ్లూ ఈ మాట చెప్పరు, అదే నాకు కోపం. వేళ్లను కిందికి నిలువుగా పరిచి, మొగ్గ మొనపై 2 సెంటీమీటర్ల మట్టి మాత్రమే ఉండేలా, 10–15 సెంటీమీటర్ల ఎడంతో నాటండి. లోతుగా పాతిపెడితే మొగ్గ పైకి రాలేక నీరసిస్తుంది.

రెండో కారణం దాహం. నీళ్లన్నీ చెట్టు వేళ్లే లాగేసుకుంటాయి. వేసవిలో నేల ఎండి ఆకులు ముందే మాడితే, వచ్చే ఏటి మొగ్గ కట్టడానికి బలం చాలదు. అందుకే పచ్చగా ఉన్న ఆకులు కోయకండి. ఏటా శరదృతువులో చివికిన ఆకుల ఎరువు 5 సెంటీమీటర్ల మందాన పరవండి.

చలి కూడా తప్పనిసరి. చలికాలం గట్టిగా లేని చోట పిలకలను తడి నాచులో చుట్టి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, అదీ తినే వస్తువులకు దూరంగా, పేరు రాసి. ఈ మొక్కలో ఆకు, పువ్వు, ఎర్రటి పండు, వేరు అన్నీ విషమే. గుండె లయను దెబ్బతీసే కాన్వల్లాటాక్సిన్ ఇందులో ఉంది. పూలు పెట్టిన గాజుపాత్రలోని నీళ్లు కూడా పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనివ్వకండి.

కుదురుకుందంటే ఇక పాకడం ఆగదు. పక్కన సున్నితమైన చిన్న మొక్కలుంటే 30 సెంటీమీటర్ల లోతున అడ్డుపలక ఇప్పుడే దించండి. తర్వాత తవ్వి తీసినా, చిన్న వేరుముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది.