ఆటలే లేని జూన్‌లో ర్యాంకులేంటి? వాటిని ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: ఈ మధ్యే అమెరికా వచ్చాను. ఆఫీసులో ఎండాకాలంలో కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) టీమ్‌ల ర్యాంకుల మీద వాదించుకుంటున్నారు. ఆటలే జరగనప్పుడు ర్యాంకులు ఎలా ఇస్తారు? 32 టీమ్‌ల్లో మా ఊరి టీమ్‌ను 24లో పెట్టారు. ఇక ఈ ఏడాదికి ఆశ వదులుకోవాల్సిందేనా?

జవాబు:

వదులుకోనక్కర్లేదండీ. ఆ మాటకొస్తే ఒకటో ర్యాంకు వచ్చినవాళ్లు స్వీట్లు పంచుకోవాల్సిన పనీ లేదు.

నేను 2007 నుంచి డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉంటున్నాను. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కాబట్టి నాకు పట్టుకున్న జబ్బు పేరు డెట్రాయిట్ లయన్స్. వచ్చిన మరుసటి ఏడే నాకు పెద్ద పాఠం జరిగింది. 2008 ఆగస్టులో జరిగే ప్రాక్టీసు మ్యాచ్‌లు, అంటే ప్రీసీజన్, లయన్స్ నాలుగుకు నాలుగూ గెలిచారు. ఆఫీసులో ఒకటే సంబరం. సీజన్ మొదలయ్యాక పదహారు ఆడి పదహారూ ఓడిపోయారు. 0-16. లీగ్ చరిత్రలో అలా ఓడిన మొదటి టీమ్ మాదే. తర్వాత 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా ప్రీసీజన్ 4-0 గెలిచి, అసలు సీజన్ 0-16 ఓడి, మాకు తోడొచ్చారు. అప్పటి నుంచి వేసవిలో ఎవరేం చెప్పినా నాకు సగమే వినబడుతుంది.

మీ మొదటి ప్రశ్నకు వస్తే, సూపర్ బౌల్, అంటే ఫైనల్, ఫిబ్రవరిలో అయిపోతుంది. మళ్లీ అసలు ఆట సెప్టెంబరులోనే. మధ్యలో ఏడు నెలలు టీవీ వాళ్లూ వెబ్‌సైట్ల వాళ్లూ ఏదో ఒకటి వండాలి కదా. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు అయిపోయిన ప్లేయర్లు కొత్త టీమ్ చూసుకోవడం), ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం), జులై చివర్లో ట్రైనింగ్ క్యాంపులు. ఒక్కోటి అయినప్పుడల్లా 32 టీమ్‌లనూ కొత్తగా వరుసలో పెడతారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పటికి కొత్త ప్లేయర్ జెర్సీ కూడా సరిగ్గా వేసుకుని ఉండడు.

ఫ్రీ ఏజెన్సీ మార్చి మధ్యలో మొదలవుతుంది, మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా. మా ఇంట్లో మా ఆవిడ యూట్యూబ్‌లో పంచాంగ శ్రవణం పెట్టుకుంటే నేను పక్క గదిలో ర్యాంకింగ్స్ చదువుతుంటాను. రెంటిలోనూ వినబడేది ఒకటే: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరిని టీవీలో మెచ్చుకున్నారు, ఎవరిని పట్టించుకోలేదు. అభిమానులు కొట్టుకునేది మాత్రం ఎప్పుడూ ఆ నాలుగోదాని మీదే. మా టీమ్‌ను 24లో పెడతారా అని. మీరే చూడండి, మీరు కూడా ప్రశ్నలో అదే రాశారు!

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. పుట్టి పెరిగింది డెట్రాయిట్‌లోనే. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. జూన్ మొదటి శుక్రవారం లంచ్ టైమ్‌లో తలా ఒక కాగితం తీసుకుని 1 నుంచి 32 దాకా టీమ్‌ల పేర్లు రాసి, కవర్‌లో పెట్టి అంటించి ఆయన డ్రాయర్‌లో వేయాలి. జనవరిలో సీజన్ అయ్యాక తెరవాలి. రాసిన ర్యాంకుకూ, చివరికి వచ్చిన స్థానానికీ ఎంత తేడా ఉందో ఒక్కో టీమ్‌కు లెక్కేసి కూడితే, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు డోనట్లు తేవాలి. ఆ ఎక్సెల్ షీటు పని నా నెత్తిన పడింది. ఇండియన్ కదా, లెక్కలు వచ్చని వాళ్ల నమ్మకం.

పెద్దాయన లయన్స్‌ను ప్రతి ఏడాదీ 32లోనే రాసేవాడు. అంతా అడిగేవాళ్లు, ఎందుకలా అని. కింద పెడితే పడే భయం ఉండదు అనేవాడు. దానివల్ల లెక్కలో నష్టపోయినా మార్చేవాడు కాదు.

కొన్నేళ్లు ఆ షీటు చేశాక నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఎవరికీ చెప్పకుండా నాకు నేనే ఒక బద్ధకపు లిస్టు తయారు చేశాను. దాంట్లో బుర్ర వాడకూడదు. సీజన్‌కు 17 ఆటలు కాబట్టి సగం 8.5. పోయినేడాది ఒక టీమ్ 15 గెలిస్తే, అది 8.5కు ఎంత దూరంలో ఉందో చూసి ఆ దూరాన్ని సగం చేయడం. 15 కాస్తా 12 అవుతుంది. 4 గెలిచినవాళ్లు 6 అవుతారు. అంతే, దాని ప్రకారం వరుస పెట్టేయడం. కొత్త ప్లేయర్లు, డ్రాఫ్ట్, కోచ్ ఇంటర్వ్యూలు ఏవీ చూడకూడదు. మూడేళ్లు చేస్తే రెండేళ్లు ఆ బద్ధకపు లిస్టే మా అందరి కవర్లనూ ఓడించింది. పాడ్‌కాస్టులు వింటూ గంటలు గంటలు తగలేసిన నేను కూడా దానికి ఓడిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేసి ఆ విషయం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నా.

ఎందుకలా అవుతుందంటే ఈ లీగ్‌ను కట్టిందే అలా. 1994 నుంచి సాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ ప్లేయర్ల జీతాలకు పెట్టే ఖర్చుకు పరిమితి, ఉంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. ఎంత డబ్బున్న ఓనరైనా ఆ లెక్క ప్రకారమే టీమ్ నడపాలి. డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర ఉన్నవాడికే మొదటి ఛాన్సు. 17 ఆటల్లో మూడు, పోయినేడాది మీ డివిజన్‌లో (నాలుగు టీమ్‌ల గుంపులో) మీరు ఏ స్థానంలో ఉంటే అదే స్థానంలో వచ్చిన వేరే డివిజన్ టీమ్‌లతో పడతాయి. మొదట వచ్చినవాడికి మొదటి వాళ్లు, ఆఖరివాడికి ఆఖరి వాళ్లు. పైనున్నవాడిని కాళ్లు పట్టి లాగుతూ, కిందివాడిని జుట్టు పట్టి లేపుతూ ఉంటారు. ఐపీఎల్ మెగా ఆక్షన్ చూసినవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. పైగా 17 ఆటలంటే మరీ తక్కువ. బంతి రెండుసార్లు అటు కాకుండా ఇటు పడితే సీజన్ తలకిందులవుతుంది.

బంతి అటూ ఇటూ పడటం గురించి నాకు చెప్పకండి. 2024 జనవరి 28. లయన్స్, శాన్ ఫ్రాన్సిస్కో 49యర్స్ మీద ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, అంటే సెమీఫైనల్ లాంటిది, ఆడుతున్నారు. గెలిస్తే జీవితంలో మొదటిసారి సూపర్ బౌల్. అప్పుడు మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు ఆట బొత్తిగా తెలీదు, తెల్ల చొక్కాలు మనవి అని మాత్రం తెలుసు. సగం ఆట అయ్యేసరికి మేం 24-7. ఆయన శాలువా కప్పుకుని, "ఇంకేముంది అల్లుడుగారూ, అయిపోయినట్టేగా, పడుకోనా?" అన్నారు. కూర్చోండి మామయ్యగారూ అన్నాను. మూడో క్వార్టర్‌లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) బ్రాక్ పర్డీ పొడుగ్గా ఒకటి విసిరాడు. అది సూటిగా మా డిఫెండర్ చేతుల్లోకే వచ్చింది. వాడి చేతుల్లోంచి జారి, హెల్మెట్ ముందున్న ఊచలకు తగిలి, గాల్లోకి లేచి, వెనకాల పడబోతున్న వాళ్ల ప్లేయర్ బ్రాండన్ ఐయుక్ చేతిలో పడింది. 51 గజాలు. మామయ్యగారు శాలువా తీసేసి లేచి నిలబడ్డారు. "అదేంటండీ, మనవాడి మొహానికి తగిలి వాడి చేతిలో పడటమేంటి? ఇది చెల్లుతుందా?" చెల్లుతుంది మామయ్యగారూ. కాసేపటికే టచ్‌డౌన్ (బంతిని మా చివరి గీత దాటించారు), వెంటనే మావాళ్లు బంతి జారవిడిచారు, మరో టచ్‌డౌన్. చివరికి 34-31, వాళ్లదే గెలుపు. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, మీద రెండుసార్లు కిక్ కొట్టకుండా తెగించి ఆడించాడని కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌ను ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. నేను తిట్టను. ఆ తెగింపు లేకపోతే అంతదూరం వచ్చేవాళ్లమే కాదు. ఇదొక వేరే పంచాయితీ, వదిలేయండి.

ఆ తర్వాతి జూన్‌లో తమాషా చూడాలి. చరిత్రలో ఎప్పుడూ లేనట్టు లయన్స్ అందరి లిస్టుల్లోనూ పైనే. సంతోషించాలా? లేదు. మూడో ర్యాంకేంటి, రెండో ర్యాంకేంటి, ఒకటి ఎందుకివ్వలేదు అని ఆఫీసులో గొడవ. 0-16 చూసిన మనుషులే! నేను కవర్‌లో లయన్స్‌ను 1లో రాశాను. వాషింగ్టన్ కమాండర్స్‌ను 28లో రాశాను. వాళ్లు అంతకుముందు ఏడాది 4-13, క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు. ఏం చేస్తాడులే అనుకున్నాను.

లయన్స్ 15-2 గెలిచారు. నేను ఆఫీసులో కాలరెగరేసుకుని తిరిగాను. 2025 జనవరి 18న మా ఫోర్డ్ ఫీల్డ్‌లో, మా జనం మధ్యే, ప్లేఆఫ్స్‌లో మమ్మల్ని 45-31తో ఇంటికి పంపింది ఎవరనుకున్నారు? ఆ 28వ ర్యాంకు వాళ్లే. మావాళ్లు ఐదుసార్లు బంతి పోగొట్టుకున్నారు. మా డిఫెన్స్ స్టార్ ఎయిడన్ హచిన్సన్ అక్టోబరులోనే కాలు విరిగి కూర్చున్నాడు, డిఫెన్స్‌లో సగంమంది గాయాల లిస్టులోనే. ఇవేవీ జూన్‌లో ఏ లిస్టులోనూ ఉండవు. సోమవారం కవర్లు తెరిచినప్పుడు పెద్దాయన నా కాగితం మీద ఆ 28 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి బ్రేక్‌రూమ్ ఫ్రిజ్‌కు అంటించాడు. మార్చి దాకా అక్కడే ఉంది. పెరుగన్నం డబ్బా తీసుకుందామని ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా కనబడేది.

మరుసటి సీజన్‌కు మా రెండు చేతుల్లాంటి ఇద్దరు కోఆర్డినేటర్లూ (అటాక్‌నూ డిఫెన్స్‌నూ చూసే కోచ్‌లు) వెళ్లిపోయారు. బెన్ జాన్సన్ షికాగోకు, ఆరన్ గ్లెన్ న్యూయార్క్ జెట్స్‌కు, ఇద్దరూ హెడ్ కోచ్‌లుగా. ముందు వరుస మధ్యలో ఆడే మా సెంటర్ ఫ్రాంక్ రాగ్నౌ జూన్‌లో రిటైరయ్యాడు. అయినా పోయినేడాది 15-2 అనే మెరుపు కళ్లలో ఉండటంతో మమ్మల్ని పెద్దగా దించలేదు. 9-8తో ముగిసింది, ప్లేఆఫ్స్ లేవు. బద్ధకపు లిస్టు 12 అని చెప్పింది, అదీ తప్పే. కానీ కనీసం కిందికి చూసింది. మేం అందరం పైకి చూస్తున్నాం.

ఇంతకీ మీ 24 గురించి. ర్యాంకు వదిలేసి మీ టీమ్ గురించి ఈ సంగతులు కనుక్కోండి. పోయినేడాది ఒక్క టచ్‌డౌన్‌లోపు తేడాతో, అంటే ఎనిమిది పాయింట్లలోపు, ఎన్ని ఓడారు? అలాంటివి ఎక్కువ ఓడితే మంచిదే, అదృష్టం రెండేళ్లు వరసగా ఒకే వైపు ఉండటం తక్కువ. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ అలాంటి ఆటలు 11కు 11 గెలిచి 13-4తో నిలిచారు. ఏడాది మొత్తం కొట్టిన పాయింట్లు 424, ఇచ్చినవి 427. ఇచ్చిందే ఎక్కువ! ఆ లెక్క చూసినవాళ్లు అప్పుడే నవ్వారు. మరుసటి ఏడాది 7-10. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కు మధ్యలో మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ తెగిన మాట కూడా నిజమే, అది కూడా చెప్పాలి.

రెండోది, చివరి రెండు నెలలు ఎలా ఆడారు? 2022లో లయన్స్ 1-6తో మొదలుపెట్టి, మిగతా పదింటిలో ఎనిమిది గెలిచారు. ఆఖరి ఆటలో గ్రీన్ బేకు వెళ్లి, తమకు ప్లేఆఫ్ ఛాన్సు పోయిందని తెలిసి కూడా, ప్యాకర్స్‌ను ఓడించి వాళ్లనూ ఇంట్లో కూర్చోబెట్టారు. తర్వాతి ఏడాది వచ్చిన 12-5కు విత్తనం అక్కడ పడింది.

అన్నింటికంటే పెద్దది క్వార్టర్‌బ్యాక్. ప్యాట్రిక్ మహోమ్స్ ఉన్న కాన్సాస్ సిటీని పైన రాసినవాడు 2018 నుంచి 2024 దాకా ఏ ఏడాదీ సిగ్గుపడలేదు, ఏడు సీజన్లూ వాళ్లు కనీసం ఏఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్, అంటే రెండో సెమీఫైనల్ లాంటి ఆట, దాకా వెళ్లారు. అలాగని పేరు చూసి మోసపోవద్దు. 2023లో ఆరన్ రాజర్స్ వచ్చాడని జెట్స్‌ను ఆకాశానికెత్తారు. మొదటి ఆటలో నాలుగో ప్లేకే అతనికీ అదే అకిలీస్ టెండన్ తెగిపోయింది. మొత్తం వేసవి కబుర్లన్నీ నాలుగు ప్లేలకు సరి.

మీ టీమ్‌లో డేనియల్స్ లాంటి కొత్త కుర్రాడు ఎవరైనా వచ్చి ఉంటే, ముందు వరుసలో బరువు మోసే లైన్‌మెన్ ఆరోగ్యంగా ఉంటే, 24ను పట్టించుకోకుండా టికెట్లు కొనేయండి. క్వార్టర్‌బ్యాక్ ఎవరో జూన్‌లో కూడా తేలకపోతే మాత్రం... 24 కూడా దయతలచి ఇచ్చిందే అనుకోండి.

పెద్దాయన ఇప్పుడు రిటైరయ్యాడు. ఆయన కవర్ మాత్రం పోస్టులో వస్తుంది. జనవరి దాకా తెరవకూడదని రూలు. కానీ కాగితం పలచన, కిటికీ దగ్గర వెలుతురుకు పెడితే అడుగు లైను కనబడుతుంది. 32: లయన్స్.