డాక్టర్ సలహా: హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి హెచ్‌బీఈఏజీ నెగెటివ్ వచ్చిందని టాబ్లెట్ ఆపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది జగిత్యాల జిల్లా, వయసు 41. మూడేండ్ల కింద గల్ఫ్ పోదామని మెడికల్ చేయించుకుంటే హెపటైటిస్ బి ఉందని అన్‌ఫిట్ చేసిన్రు. కరీంనగర్‌ల డాక్టర్ సాబ్ టెనోఫోవిర్ రాసిండు, ఏడు నెలలు వాడిన. డీఎన్ఏ టెస్టుల వైరస్ కనిపిస్తలేదని వచ్చింది, మంచిగనే ఉన్న గదా అని బంద్ చేసిన. అప్పటిసంది ఊర్లె ఆకుపసరు తాగుతున్న. పోయిన నెల టెస్టులు చేయిస్తే హెచ్‌బీఈఏజీ నెగెటివ్, యాంటీ హెచ్‌బీఈ పాజిటివ్ వచ్చినయ్, ల్యాబ్ పిల్లగాడు మంచి రిపోర్టే అన్నడు. ఎస్‌జీపీటీ 88, ఎస్‌జీఓటీ 92, ప్లేట్‌లెట్లు 1.2 లక్షలు, హెచ్‌బీవీ డీఎన్ఏ 46,000 ఐయూ. మోకాళ్ల నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర అప్పుడప్పుడు ఇంజక్షన్ తీసుకుంట. మా అన్న 47 ఏండ్లకే కడుపుల నీళ్లొచ్చి చనిపోయిండు, ఆయన బాగ తాగుతుండే. పసరు ఇంకెన్ని రోజులు తాగితే నెగెటివ్ అయితది, గల్ఫ్ మెడికల్‌ల పాస్ అయితనా?

జవాబు: గల్ఫ్ సంగతి తర్వాత చూద్దాం. మీ లెటర్లో నన్ను ఆపేసినవి వేరే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు 1.2 లక్షలు, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైముల్లో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీ కంటే ఎక్కువ, డాక్టర్‌ని అడగకుండా టాబ్లెట్ ఆపెయ్యడం, అన్నకి కడుపులో నీళ్లు రావడం. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ లివర్లో మచ్చలు పడడం, అంటే ఫైబ్రోసిస్, బాగానే ముదిరిందేమో అని నా అనుమానం. మిమ్మల్ని చూడకుండా, కడుపు మీద చెయ్యి పెట్టకుండా సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడిపోవడం) అని ఖాయంగా చెప్పలేను, టెస్టుకి ముందు డెంగీ లాంటి జ్వరం వచ్చి ఉంటే కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కానీ మీ అంకెలతో ఏపీఆర్ఐ అనే చిన్న లెక్క (ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లతో లివర్ మచ్చల్ని అంచనా వేసేది) వేస్తే 1.9 వస్తుంది, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అది 1 దాటితేనే సిర్రోసిస్ ఉందేమో అని చూడాలి. ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్), కడుపు అల్ట్రాసౌండ్, బిలిరుబిన్, ఆల్బుమిన్, పీటీ ఐఎన్ఆర్, క్రియాటినిన్, ఇవన్నీ ఈ వారంలోనే చేయించుకోండి, బతుకమ్మ అయ్యాక చూద్దాం, పంట చేతికొచ్చాక చూద్దాం అనొద్దు.

ఇక మీకు మంచి రిపోర్ట్ అని చెప్పిన హెచ్‌బీఈఏజీ నెగెటివ్ సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ ఒక్క లైన్ చూసి ధీమాగా ఇంటికి వెళ్లిపోయి మళ్లీ కామెర్లతో వచ్చేవాళ్లని మేం చూస్తూనే ఉంటాం. హెచ్‌బీఈఏజీ అనే ఈ యాంటిజెన్ వైరస్ తయారు చేసి రక్తంలోకి వదిలే ఒక ప్రోటీన్. వైరస్ పెరగడానికి దాని అవసరం లేదు, మన ఇమ్యూనిటీ తన జోలికి రాకుండా చూసుకోవడానికి వైరస్‌కి అది పనికొస్తుంది. కొంతమందిలో ఏండ్ల తర్వాత ఇమ్యూనిటీ మేల్కొని వైరస్‌ని అణచేస్తుంది, అప్పుడు ఈ యాంటిజెన్ పోతుంది, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే డీఎన్ఏ లెక్క 2,000 ఐయూ లోపలికి పడిపోతుంది, ఎస్‌జీపీటీ నార్మల్‌గా నిలబడుతుంది. అది నిజంగా మంచి రిపోర్టే. కానీ ఇంకో రకం ఉంది. ఈ వైరస్ జీనోమ్ 3,200 అక్షరాలంత చిన్నది, కాపీ చేసుకునే ఎంజైమ్ తన తప్పులు తాను దిద్దుకోదు, దాంతో మార్పులు పుడుతూనే ఉంటాయి. అందులో పేరుపడ్డది ప్రీకోర్ మ్యుటేషన్, 1896 నంబర్ దగ్గర 'జీ' అనే అక్షరం ఉండాల్సిన చోట 'ఏ' అనే అక్షరం వచ్చి కూర్చుంటుంది, అక్కడ ఆపెయ్యి అనే సిగ్నల్ తయారై ఈ యాంటిజెన్ తయారీ ఆగిపోతుంది. ఆగేది ఆ ప్రోటీన్ ఒక్కటే, వైరస్ కాదు, అది ఎప్పట్లాగే పెరుగుతుంది. 1762, 1764 దగ్గర వచ్చే మార్పులు ఈ యాంటిజెన్‌ని పూర్తిగా ఆపవు గానీ తగ్గిస్తాయి, వీటికి లివర్ క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్టు కూడా తేలింది. మన దేశంలో ఎక్కువగా కనిపించే 'డి' అనే జీనోటైప్‌లో (వైరస్‌లో ఒక రకం) ఈ 1896 మార్పు సులువుగా నిలబడుతుంది, 'ఎ' అనే జీనోటైప్‌లో అరుదు. మీది ఏ మ్యుటేషనో తెలుసుకోవడానికి సీక్వెన్సింగ్‌కి డబ్బులు పెట్టకండి, దానివల్ల ట్రీట్‌మెంట్ ఏమీ మారదు. డీఎన్ఏ 46,000, ఎస్‌జీపీటీ 88 ఉన్నప్పుడు మీది ఊరికే నిద్రపోతున్న వైరస్ కాదు అని చెప్పడానికి అవే చాలు. యాంటీ హెచ్‌బీఈ (ఆ యాంటిజెన్‌కి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పాజిటివ్ అంటే రక్షణ వచ్చిందని కూడా అనుకోవద్దు, రక్షణ ఇచ్చేది యాంటీ హెచ్‌బీఎస్, అది వేరే టెస్ట్.

ఈ రకం జబ్బు తీరు ఇంకోటి చెప్పాలి. ఇది ఒక పద్ధతిగా నడవదు. నాలుగు నెలలు ఎస్‌జీపీటీ 30లో ఉంటుంది, తర్వాత సడన్‌గా 300కి ఎక్కి, మళ్లీ దిగిపోతుంది, మనిషికి కాస్త నీరసం తప్ప ఏమీ తెలియదు, ఎక్కిన ప్రతిసారీ లివర్ మీద ఇంకొంత మచ్చ పడుతుంది. అందుకే ఒక్క నార్మల్ రిపోర్ట్ చూసి మేం ఎవర్నీ ఇనాక్టివ్ క్యారియర్ (వైరస్ ఒంట్లో నిద్రపోతున్న మనిషి) అనం, ఏడాది పాటు మూడు నాలుగు నెలలకోసారి ఎస్‌జీపీటీ, మధ్యలో డీఎన్ఏ చూసి గానీ ఆ మాట చెప్పం. ఇన్ని రోజులు కామెర్లు రాలేదు కాబట్టి లివర్ బాగుందని మీరు అనుకుంటూ ఉండొచ్చు, కామెర్లు వచ్చేదాకా ఆగితే చాలాసార్లు మాకు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

టాబ్లెట్ ఆపడం గురించి మీ మీద కొంచెం కోపంగానే రాస్తున్నా, ఏమనుకోకండి. టెనోఫోవిర్ వైరస్‌ని కాపీలు తియ్యనివ్వదు, అంతవరకే. లివర్ కణాల లోపల న్యూక్లియస్‌లో దాక్కున్న ఒరిజినల్‌ని అది ముట్టుకోలేదు. జిరాక్స్ మిషన్ ఆపితే కాపీలు రావు గానీ ఒరిజినల్ కాగితం బీరువాలో భద్రంగా ఉన్నట్టే, మిషన్ మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ కాపీలు. డీఎన్ఏ కనిపించలేదు అన్న రిపోర్ట్ టాబ్లెట్ పని చేస్తుందని చెప్తుంది, ఆపెయ్యమని కాదు. ఈ యాంటిజెన్ నెగెటివ్ రకంలో మామూలుగా హెచ్‌బీఎస్ఏజీ (బి వైరస్ ఒంట్లో ఉందని చెప్పే అసలు గుర్తు) పోయేదాకా, అంటే చాలామందికి ఏండ్ల తరబడి, కొందరికి జీవితాంతం వాడాల్సి వస్తుంది. ఆపినాక మొదటి కొన్ని నెలల్లోనే వైరస్ ఎగిరిపడి లివర్ ఫెయిల్ అయిన కేసులు ఉన్నాయి, మచ్చలు పడ్డ లివర్ ఆ దెబ్బకి తట్టుకోదు. మీరు ఏడు నెలలకే ఆపి ఇప్పటిదాకా నెట్టుకొచ్చారంటే అది అదృష్టం, దాన్ని ఇంకా పరీక్షించకండి. అట్లాగని ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్ తీసి రేపట్నుంచి మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, కిడ్నీ టెస్ట్, హెచ్ఐవీ టెస్ట్ చూసుకొని మీ డాక్టరే మొదలుపెట్టాలి. మీకు అక్కర్లేదనిపించే ఆ హెచ్ఐవీ టెస్ట్ ఎందుకంటే టెనోఫోవిర్ రెండిటికీ పని చేసే మందు, హెచ్ఐవీ ఉండి ఇది ఒక్కటే వాడితే ఆ వైరస్ మొండికేస్తుంది. కిడ్నీలో ఇబ్బంది ఉంటే ఎంటెకావిర్, లేదా టెనోఫోవిర్‌లోనే అలాఫెనమైడ్ అనే రకం ఉన్నాయి.

పసరు ఇవ్వాళే ఆపండి. మన పల్లెల్లో కామెర్లకి పసరు పోసి, చేతికి వాతలు పెట్టి తగ్గించామంటారు. ఆ తగ్గినవాళ్లలో ఎక్కువమందికి ఉండేది హెపటైటిస్ 'ఎ' లేదా హెపటైటిస్ 'ఇ', అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకి వస్తుంది. బి వైరస్ అట్లా పోయేది కాదు, పైగా ఏ ఆకు ఎంత పోశారో ఎవరికీ తెలియదు, కొన్ని ఆకులు లివర్‌నే దెబ్బ తీస్తాయి. పచ్చి నిజం చెప్పాలంటే పసరు తాగిన రోజుల కంటే దాన్ని నమ్మి టాబ్లెట్ మానేసిన రోజులే మీకు ఎక్కువ నష్టం చేశాయి.

ఆర్ఎంపీ ఇంజక్షన్ గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు, నాకు అదీ భయంగానే ఉంది. అందులో ఏముందో అడిగి కాగితం మీద రాయించుకోండి. డెక్సా లాంటి స్టెరాయిడ్ అయితే అది ఇమ్యూనిటీని తగ్గించి బి వైరస్‌ని లేపుతుంది, డైక్లోఫెనాక్ అయితే సిర్రోసిస్ ఉన్నవాళ్లకి కిడ్నీ దెబ్బ తినొచ్చు, కడుపులో రక్తం పోవచ్చు. నొప్పికి పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములు దాటకుండా వాడొచ్చు, అదీ డాక్టర్‌ని అడిగాకే. కల్లు తేలిక, దానివల్ల ఏం కాదు అనే మాట కూడా మనవైపు ఎక్కువ, మీ లివర్‌కి కల్లు, బీరు, విస్కీ అన్నీ ఒకటే, ఏదీ వద్దు.

అన్న తాగుడు వల్లే పోయాడని అందరూ అనుకున్నారు కదా, ఆయనకి బి టెస్ట్ చేశారో లేదో పాత కాగితాలు వెతకండి. ఇది చాలాసార్లు కాన్పు టైంలో తల్లి నుంచో, చిన్నతనంలో ఇంట్లోవాళ్ల నుంచో వస్తుంది, అందుకే అమ్మ, మిగతా అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు, అన్న పిల్లలు అందరూ హెచ్‌బీఎస్ఏజీ చేయించుకోవాలి. మీ భార్య, పిల్లల గురించి ఒక్క మాట రాయలేదు, ఉంటే వాళ్లతోనే మొదలుపెట్టండి. నెగెటివ్ వచ్చి, ఇంతకుముందు వ్యాక్సిన్ పడనివాళ్లకి 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు. కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా అంటదు, కంచం వేరు చెయ్యాల్సిన పని లేదు, బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం వేరుగా పెట్టుకోండి. సిర్రోసిస్ తేలినా తేలకపోయినా మీ వయసుకి, అంకెలకి ఆరు నెలలకోసారి లివర్ క్యాన్సర్‌ని ముందే పట్టుకోవడానికి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్ష చేయించుకుంటూ ఉండడం మంచిదని నా అభిప్రాయం, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ ఉండి ఉంటే తప్పనిసరి. డెల్టా వైరస్ (బి ఉన్నవాళ్లకే అంటుకునే ఇంకో లివర్ వైరస్, హెపటైటిస్ డి) కూడా ఉందేమో ఒకసారి చూడమని అడగండి.

ఖర్చుకి భయపడకండి. 2018 జులై 28న మొదలైన నేషనల్ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రాం కింద టెస్టులు, టెనోఫోవిర్ ప్రభుత్వ సెంటర్లలో ఫ్రీ, మీ దగ్గర్లో ఎక్కడుందో జిల్లా ఆస్పత్రిలో అడగండి, పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. ఈలోపు కళ్లు పచ్చబడ్డా, పొట్ట ఉబ్బినా, నల్లటి విరేచనం అయినా, రక్తం కక్కినా, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా రాత్రయినా సరే పెద్దాస్పత్రికి తీసుకురమ్మని ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టండి.

గల్ఫ్ మెడికల్‌లో చూసేది హెచ్‌బీఎస్ఏజీ. అది టాబ్లెట్‌తో పోవడం చాలా తక్కువమందిలో, అదీ ఏండ్లు పట్టే పని, పసరుతో పోదు, టెస్టుకి ముందు రెండు రోజులు ఏదో తాగితే పాస్ అవుతారని చెప్పే ఏజెంట్ మాట నమ్మి డబ్బు కట్టకండి. టాబ్లెట్ మీద వైరస్ అదుపులో ఉంటే పొలం పని, డ్రైవింగ్, ఇక్కడ ఏ పనైనా చాలామంది చేసుకుంటున్నారు, మీరు ఎంతవరకు చెయ్యొచ్చో ఫైబ్రోస్కాన్ రిపోర్ట్ చూశాక మీ డాక్టర్ చెప్తారు.