చుట్ట ఒక పక్కే కాలుతుంటే తప్పు తేమది

నికరాగువా, డొమినికన్ ఆకుల్లో మన చుట్టాకు కలిపి చుడితే ఒక పక్కే కాలి చేదెక్కుతోందన్నారు కదా, అది చాలావరకు తేమ తేడానే. మూడు ఆకులూ మూడు రకాల తేమతో ఉండగానే చుట్టేసి ఉంటారు.

1. ముందు నడిమి ఈనె తీసెయ్యండి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఆకులన్నీ ఒకే డబ్బాలో కలిపి, 65–70 శాతం తేమలో కనీసం రెండు వారాలు ఉంచండి. తర్వాత ఒక ముక్క వేలికి చుట్టి చూడండి. పాత నేత గుడ్డలా వంగాలి, చిట్లకూడదు, చేతికి తడి అంటకూడదు. శ్రీకాకుళంలో వానాకాలం డబ్బా మూత తీసి ఉంచారో, బూజే. నాకలాగే ఒక కట్ట పోయింది.

3. లిగేరో, అంటే మొక్క పైభాగపు మందపాటి ఆకు, నిదానంగా కాలుతుంది. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టండి. పక్కకి జరిగితే ఆ పక్కే మిగిలిపోతుంది. తొందరగా కాలే వొలాడో, అంటే మొక్క కిందిభాగపు ఆకు, దాని చుట్టూ.

4. మన ఆకు పావు వంతు మించొద్దు. అడ్డపొగ, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, తాగిన మా అమ్మమ్మకి తగిన ఘాటు అది, మనకి కాదు.

క్యూబా ఆకు దొరకలేదని బెంగెందుకు? క్యూబా సరుకు మీద 1962 నిషేధం అమెరికాది, మన దేశానిది కాదు. విప్లవం, నిషేధాల తర్వాత క్యూబా సాగుదారులు కొందరు విత్తనాలతో సహా నికరాగువా, డొమినికన్ వైపు వెళ్లిపోయారు. మీ కట్ట మీద హబానో అని ఉంటే ఆ వంశమే.

చుట్టాక ఇంకో మూడు వారాలు ఆగి ముట్టించండి.